పావు చదువునకు పూర్తి వెల

హైదరాబాదు నగరమునకు దూర్పుదెసనున్న కర్మన్‌ఘాట్‌లో ధ్యానాంజనేయస్వామి యాలయ మున్నది. కాకతీయప్రభువగు ప్రోలరాజు వేటకు వచ్చి యీ తావున విగ్రహమును గనుగొని గుడి కట్టించెనని స్థలపురాణము. తరువాతి కాలమున ఔరంగజేబు గుడిని గూల్పింప వచ్చినపుడు లోపలినుండి యొక స్వరము వెలువడి, ఈ పని చేయదలచినచో ముందు మనస్సు గట్టిచేసికొమ్మని హిందూస్థానీలో బలికెననియు, ఆ 'కర్ మన్ ఘట్' అను మాటయే గ్రామనామ మైనదనియు జనులు చెప్పుకొందురు. ఈ వ్యుత్పత్తిని బట్టుకొని మేము వాదింపము. కాని పరీక్ష వ్రాయబోవు పిల్లలు మంగళవారమునాడు ఆ స్వామియెదుట గన్నులు మూసికొని నిలుచుట చూచినపుడెల్ల ఆ కథ మాకు గుర్తునకు వచ్చుచుండును. మనస్సు గట్టిచేసికొమ్మని స్వామి చెప్పెనే గాని, నీ మనస్సును నేను గట్టిచేసి పెట్టుదును, వెల యింత, అని చెప్పలేదు.

ఆ మాట చెప్పువా రచ్చటికి గ్రోశెడు దూరమున దిల్‌సుఖ్‌నగరులో నున్నారు. ఎల్.బి. నగరు మొదలుకొని చైతన్యపురి మీదుగ మెట్రోరైలు స్తంభముల ప్రక్కన నడచి చూడుడు. గోడ కొక పలక. పలక కొక డజను ముఖములు. ముఖము క్రింద నొక సంఖ్య. ప్రభుత్వోద్యోగపు పరీక్షలకు గొందఱు, సాఫ్ట్‌వేరు విద్యలకు గొందఱు, పైచదువుల ప్రవేశపరీక్షలగు గేట్, ఐసెట్, జీ.ఆర్.ఈ.లకు గొందఱు తలుపులు తెఱచి కూర్చున్నారు. నల్లగొండ, సూర్యాపేట, మహబూబునగరు, ఖమ్మము మొదలగు తావులనుండి బిడ్డలు వచ్చి హాస్టలుగదులలో నలుగు రైదుగురు చొప్పున నిఱుకుకొని యుందురు. వారి వెనుక నొక పొలమో, ఒక తల్లి మెడలోని గొలుసో, ఒక తండ్రి భవిష్యనిధియో యుండును. ఇంత యేల చెప్పుచున్నామనగా, ఈ వ్యాసము చదువునుగూర్చి మాత్రమే కాదు, అప్పునుగూర్చియు.

జీ.ఆర్.ఈ. యనునది అమెరికా మొదలగు దేశములలో ఎం.ఎస్., పి.హెచ్.డి. చదువగోరువారికి బెట్టు పరీక్ష. 1936వ సంవత్సరమున కార్నెగీ సంస్థవారు హార్వర్డు, యేల్, ప్రిన్స్‌టన్, కొలంబియా విశ్వవిద్యాలయములతో గూడి ప్రయోగముగ నారంభించిన యీ పరీక్ష నేడు ఈ.టి.ఎస్. అను సంస్థ చేతిలో నున్నది. 2023-24 విద్యాసంవత్సరమున అమెరికాలో జదివిన భారతీయవిద్యార్థులు 3,31,602 మంది యని లెక్క తేలినది. ఆ యేట మనవారు చైనావారిని మించిరి. అందు దెలుగువారి పాలు తెలియగోరువారు మా పేటలో నాలుగు తలుపులు తట్టిన జాలును. రెండిండ్లనైన నొక పేరు వినవచ్చును.

శిక్షణాలయముల నన్నింటిని మూసివేయవలెనని వాదించు మిత్రులు మాకు గలరు. మేము వారి పక్షము గాము. ఇంగ్లీషు వినని యింట బుట్టిన బిడ్డకు దారి చూపువా రొకరు కావలసినదే. మా తగవు శిక్షణతో గాదు. రుసుము చెల్లించుటయే చదువుట యను నమ్మకముతో. ఈ నమ్మకము అమ్మువానికి లాభము, కొనువానికి హాయి. కావుననే యిరువురును దానిని విడువరు.

రెండేండ్ల క్రిందట మా పూర్వవిద్యార్థి యొకడు, పరీక్ష వారము దినము లున్నదనగా, మా యింటికి వచ్చెను. తండ్రికి రెండెకరముల చెలక. దానిమీద నప్పు తెచ్చి కుఱ్ఱని నొక శిక్షణాలయమున జేర్చెను. కుఱ్ఱడు సంచి విప్పి యాఱు పుస్తకములు బల్లమీద బెట్టెను. అయిదింటి పుట లింకను నంటుకొనియే యున్నవి. ఎన్ని పూర్తి పరీక్షలు వ్రాసి చూచితివని యడిగితిమి. ఒక్కటియు లేదు. ఏ విధమైన ప్రశ్నలలో దప్పు లెక్కువగ వచ్చుచున్నవని యడిగితిమి. తెలియదు. మఱి నలువది దినము లేమి చేసితివని యడుగగా, "క్లాసులన్నియు విన్నాను సార్, ఒక్కటి గూడ విడువలేదు" అనెను. వాడు సోమరి గాడు, అబద్ధీకుడు గాడు. వినుటయే చదువుట యని వానికి జెప్పినవారున్నారు. కాదని చెప్పినవారు లేరు. ఈ నేరములో మా పాలును గలదు. తొమ్మిది, పది తరగతులలో బ్రశ్నోత్తరములు చెప్పి వల్లింపజేసి వానిని గట్టెక్కించినది మేమే.

మన పెద్దలు విద్యను నాలుగు పాదములుగ బంచిరి. ఒక పాదము గురువువలన వచ్చును, ఒకటి శిష్యుని స్వబుద్ధివలన, ఒకటి సహాధ్యాయులవలన, మిగిలినది కాలక్రమమున. సంస్కృతపాఠశాలలో మాచేత దీనిని గంఠస్థము చేయించిరి. అర్థము మాత్రము దిల్‌సుఖ్‌నగరును జూచినపిదప దెలిసినది. శిక్షణాలయ మెంత గొప్పదైనను అమ్మగలిగినది మొదటి పాద మొక్కటియే. వెల మాత్రము నాలుగింటికిని గొనుచున్నది. కొన్నవాడు మిగిలిన మూడును సంచిలో నున్నవనుకొని గదికి బోవుచున్నాడు.

ముందు గురుపాదమును జూతము. ఈ పరీక్ష బ్రహ్మవిద్య గాదు. 2023 సెప్టెంబరు వఱకు మూడుముప్పాతిక గంటలు సాగినది, ఆ నెలనుండి 1 గంట 58 నిమిషములకు దగ్గినది. 30 నిమిషములలో నొక వ్యాసము. భాషాభాగమున రెండు ఖండములలో 27 ప్రశ్నలు, 41 నిమిషములు. గణితభాగమున రెండు ఖండములలో 27 ప్రశ్నలు, 47 నిమిషములు. భాషకును గణితమునకును వేర్వేఱుగ 130 మొదలు 170 వఱకు, వ్యాసమునకు 0 మొదలు 6 వఱకు నంకములు. మొదటి ఖండమున నెట్లు వ్రాసితిమో దానినిబట్టి రెండవ ఖండపు కాఠిన్యము మాఱును. తప్పునకు గోత లేదు. కావున నే ప్రశ్నను వట్టిగ విడువరాదు. గేట్ పరీక్షలో నట్లుగాదు. అచ్చట నాలుగింటిలో నొకటి యేఱు ప్రశ్నకు దప్పు గుర్తించినచో, ఒకమార్కు ప్రశ్నకు మూడవవంతును, రెండుమార్కుల ప్రశ్నకు మూడింట రెండువంతులును గోయుదురు. లెక్కించి సంఖ్య వ్రాయు ప్రశ్నకు గోత లేదు. ఒక పరీక్ష యలవాటుతో రెండవదానికి గూర్చున్నవాడు చెడును. ఇట్టి సంగతులు మంచి గురువు రెండు దినములలో జెప్పగలడు. పరీక్ష పెట్టువారును నూరకనే చెప్పుచున్నారు.

మఱి గురువునకు రుసుమెందుకు? తప్పు చూపుటకు. విద్యార్థి వ్రాసినదానిని జదివి, నీ విచ్చట దారి తప్పితివి, కారణ మిది, యని చెప్పుటకు. ఈ పని నూటయేబదిమందిని గూర్చుండబెట్టి మైకులో జేయదగినది గాదు. కావున జేరకముందే తండ్రియు బిడ్డయు గలిసి పోయి మూడు ప్రశ్నలడుగవలెను. తరగతిలో నెందఱుందురు? నా వ్యాసమును దిద్దువా రెవరు? ఎన్ని దినములకు దిద్ది యిత్తురు? ఈ ప్రశ్నలకు సమాధానముగ గోడమీది ముఖములను జూపువాని గడప దిగి రావలెను. ఆ ముఖములనుగూర్చియు నొక మాట. 2024 నవంబరులో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికారమువారు నియమములు వెలువరించిరి. ఉత్తీర్ణుడైనపిదప నాతని వ్రాతపూర్వకమైన సమ్మతి లేనిదే పేరును, బొమ్మను వాడరాదు. ఆ యభ్యర్థి యే శిక్షణ పొందెనో తెలుపవలెను. తప్పక నెగ్గింతుమని ప్రకటింపరాదు. ఒక్కదినపు నమూనాపరీక్ష వ్రాసిపోయినవానిని తమ శిష్యుడని పలకకెక్కించు విద్య కిది కళ్లెము. అదే యేడు జనవరిలో కేంద్రవిద్యాశాఖవారు రాష్ట్రములకు బంపిన మార్గదర్శకములలో, నడుమ మానివేసిన విద్యార్థికి మిగిలిన కాలపు రుసుమును 10 దినములలో దిరిగి యీయవలెనని యున్నది. ఈ సంగతులు బల్లకావలివానికి దెలియును, బల్లకీవలివానికి దెలియవు. వ్యాపారమంతయు నీ భేదముమీదనే నడచుచున్నది.

కన్యాశుల్కములో గిరీశము చదువు చెప్పు నెపముతో వెంకటేశమువెంట నగ్రహారము జేరినాడు. పరీక్ష తప్పిన పిల్లవానితో నింగ్లీషు పలికించి తల్లిని మురిపించినాడు. ఆ యిల్లాలికి నింగ్లీషు రాదు గనుక ఆమె మురిసిన దనుకొందము. నేడు పట్టములు పుచ్చుకొన్న తలిదండ్రులు మనము; మనకేమి వచ్చినది? శీతలయంత్రమున్న గది చూచి, రంగుపుస్తకముల మూట చూచి, మనమును మురియుచునే యున్నాము. పిల్లవాడేమి నేర్చెనని యడుగుట లేదు.

ఇక రెండవది స్వబుద్ధిపాదము. 2011 ఆగస్టువఱకు జీ.ఆర్.ఈ.లో వ్యతిరేకపదములను, పదముల జంటలకు సామ్యములను అడుగుచుండిరి. ఆ కాలమున వేలమాటల పట్టిక వల్లించినవానికి గొంత లాభ ముండెను. ఆ నెలతో నా ప్రశ్నలు పోయినవి. వాక్యములోని ఖాళీలకు దగిన మాటలు పెట్టుట, వాక్యార్థము నొక్కతీరుగ నిలుపు రెండు మాట లేఱుట, ఇచ్చిన గద్యభాగమును జదివి తర్కించుట మిగిలినవి. ప్రశ్నలు పోయి పదునాలుగేండ్లు దాటెను. పట్టికలు మాత్రము నేటికి నమ్ముడుపోవుచున్నవి. వల్లెవేయుటను మేము నిందింపము. అమరము వల్లించిన నోరే మాది. కాని పూర్వపు గురువు అమరముతో నాపలేదు. రఘువంశమును జేతి కిచ్చెను. కావ్యములో గలిసినపుడే మాట మన దగును. దినమునకు నలువది మాటలు వల్లించి గద్య మొక్క పుటయైన జదువనివానికి, ఎదుట వాక్యము నిలిచినపుడు ఆ నలువదిలో నొక్కటియు బలుకదు. పది మాటలు నేర్చి, శాస్త్రముననో చరిత్రముననో మంచి యింగ్లీషు గద్యము నాలుగు పుటలు దినదినము చదువువాడు మెల్లగ నడచుచున్నట్లుండును. గమ్యము చేరువా డాతడే.

గణితమున మనవారికి నహంకార మడ్డు. అందడుగునది హైస్కూలు మట్టమును మించదు. ఇంజనీరింగు చదివిన నాకిది యేపాటి యని కుఱ్ఱడు కూర్చుండును. ఒక సంఖ్య, దాని వర్గము. రెంటిలో నేది పెద్దది? వర్గమే యని తడుముకొనక గుర్తించును. సంఖ్య మూడైనచో నది నిజమే. ఒకటియైనచో రెండును సమానము. అరయైనచో వర్గము పావై చిన్నదగును. కావున 'నిర్ణయింప వీలులేదు' అనునదే సరియైన సమాధానము. ఇచ్చట దప్పినది లెక్క గాదు, చదువుట. ప్రశ్నలో లేని మాటను, అనగా నది ఒకటికన్న పెద్దదగు పూర్ణసంఖ్య యను మాటను, తానే చేర్చుకొనెను. ఇట్టి తప్పు నెన్ని తరగతులు విన్నను బోదు. తన తప్పును తాను వ్రాసికొన్ననే పోవును. అందుచేత మేము చెప్పునది యొక్కటి: శిక్షణాలయమువా రిచ్చిన పుస్తకములకన్న విలువైన పుస్తక మొకటి విద్యార్థి తానే కుట్టుకొనవలెను. అది తప్పుల పుస్తకము. నేనేమనుకొంటిని, ఎందుకట్లనుకొంటిని, ఏ మాటను జూడక పోతిని. ఈ మూడును ప్రతి తప్పునకును వ్రాయవలెను. వారమున కొకమా ఱా పుస్తకముతో గురువుకడకు బోవలెను. గురువు నిజమైనవాడైనచో సంతసించును, కానివాడైనచో విసుగుకొనును. గురువును బరీక్షించుటకు నింతకన్న సుళువైన సాధనము లేదు.

కంప్యూటరుమీద వ్రాసి చూచుకొనుటకు ఈ.టి.ఎస్. వారు రెండు పూర్తి పరీక్షలను నుచితముగ నిచ్చుచున్నారు. వానిలో నొకటి శిక్షణలో జేరకముందే వ్రాయవలెను. రోగమేదో తెలియక మందు కొనువారుందురా? ఆ పరీక్షలో గణితము బాగుగ వచ్చి భాష కుంటుపడినచో, రెంటికిని గలిపి రుసుము చెల్లింప నక్కఱలేదు. అంతకన్న ముందుగ, చేరదలచిన విశ్వవిద్యాలయమువా రీ పరీక్షను గోరుచున్నారా లేదా యని చూడవలెను. 2020 తరువాత ననేక విభాగములవారు దీనిని మానిరి, లేదా యైచ్ఛికము చేసిరి. అక్కఱలేని పరీక్షకు బదునైదుమంది మిత్రులు చేరిరని పదునాఱవవాడుగ జేరుట చదువు గాదు, జాతర.

వ్యాసమునుగూర్చి యొక హెచ్చరిక. విషయముల పట్టికను పరీక్షవారే ప్రకటించియున్నారు, దాచినదేమియు లేదు. ఐనను గొందఱు ముందే కుదిర్చిన వాక్యములను వల్లింపజేసి, పేరు మార్చి యతికింపుమని నేర్పుచున్నారు. అరువు వాక్యములను బోల్చి పట్టు సాధనము వారికడ నున్నది. పట్టువడినచో నంకములు రద్దు కావచ్చును. నేడు కృత్రిమమేధ యడిగినదే తడవుగ వ్యాసమును వ్రాసియిచ్చుచున్నది. ఆ మేధ పరీక్షగదిలోనికి రాదు. వచ్చునది విద్యార్థి యొక్కడే.

మూడవది సహాధ్యాయిపాదము. దీనిని మనవారు రెండు విధముల జెఱచిరి. ఒకటి, ప్రక్కవానిని శత్రువుగ జూపుట. వారము వారము ర్యాంకుల పట్టిక గోడకంటించినపిదప, తనకు దెలిసినదానిని ఎవడు ప్రక్కవానికి జెప్పును? రెండవది, స్నేహమనగా వచ్చిన ప్రశ్నలను దొంగిలించి పంచుకొనుట యని భ్రమించుట. 2002లో చైనా, తైవాను, కొరియా దేశములలో, వ్రాసివచ్చినవారు ప్రశ్నలను జ్ఞాపకముంచుకొని బయటబెట్టగా, ఈ.టి.ఎస్. వారచ్చట కంప్యూటరు పరీక్షను నిలిపి మరల గాగితపు పరీక్షకు దిరిగిరి. కొందఱు చేసినదానికి దేశము దేశమే యనుమానముపాలయ్యెను. సహాధ్యాయము వేఱు. నలుగురు గూర్చుండి, ఒకని వ్యాసమును మఱియొకడు చదివి, ఇచ్చట నీ మాట నాకు నమ్మకము కలిగింపలేదని చెప్పవలెను. ఎదుటివానికి బోధింప బూనినపుడే తనకు దెలియనిది తెలియును. దీనికి రుసుము లేదు. ఒక మేడపై చాప, ఒక దీపము చాలును. 1901లో మన పెద్దలు హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయమును స్థాపించి తెలుగువారి నొక బల్లచుట్టు గూర్చుండబెట్టిరి. నేటికిని చిక్కడపల్లి గ్రంథాలయములో నుద్యోగపరీక్షల బిడ్డలు తెల్లవాఱినది మొదలు చోటుకై వేచియుండుట చూచినవారికి, మన పేటలలో గ్రంథాలయముల కొఱత యెంతటిదో వేఱుగ జెప్పనక్కఱలేదు. ప్రతి సందునకు శిక్షణాలయమును సహించిన మనము, ప్రతి పేటకు నొక పఠనమందిర మేల లేదని పురపాలకులను ఒక్కనాడైన నడిగితిమా?

నాలుగవది కాలపాదము. ఇది శిక్షణాలయము చేతిలో నసలే లేదు. ఇంటి చేతిలో నున్నది. నలువది దినములలో బూర్తియని పలక చెప్పును. వినుట పూర్తి కావచ్చును. జీర్ణమగుటకు నెల లేల వలదు? జీ.ఆర్.ఈ. యంకములు అయిదేండ్లు చెల్లును. ఒకమాఱు తగ్గినచో 21 దినములైనపిదప మరల వ్రాయవచ్చును. తొందర పరీక్షది గాదు, మనది. అన్నకొడుకు పోయెను, మనవా డెప్పుడు పోవునను నింటివారి తొందర. మఱియు మేము చెప్పుటకు సిగ్గుపడు కారణ మొకటి కలదు. అమెరికాలో జేరిన వరునికి గట్నము పెరుగును. నూఱేండ్లకు పైబడి కన్యాశుల్కమును నిందించిన మనము, కొడుకు పరీక్షాంకములను వరశుల్కపు పట్టికలో నొక వరుసగ జేర్చుకొంటిమి. ఆ వెలకై చదువువాడు చదువును బ్రేమింపలేకపోవుటలో వింతయేమున్నది?

ఇక ఆడుబిడ్డ మాట. కొడుకు నలువది దినములు చదివినచో నింట దూరదర్శని నోరు మూయుదుము. వానికి గాఫీ బల్లకడకు బోవును. కూతురు చదివినచో, ఆ కాఫీ కాచి యిచ్చినపిదప చదువవలెను. సాయంకాలపు తరగతి యామెకు దూర మందుము. ఇంటనుండి తెరమీద వినుమందుము. వినుచుండగా నాలుగుమాఱులు పిలుతుము. రుసుము సమానముగనే చెల్లించితిమని గర్వింతుము. చెల్లించినది గురుపాదమునకు; ఆమె కాలపాదమును వంటింటిలో మనమే దోచుకొంటిమి. సంస్కారముగల గృహములని చెప్పుకొను మన యిండ్లలోనే యిది జరుగుచున్నది గనుక నిచ్చట వ్రాయుచున్నాము. కాని యిండ్లవా రీ పత్రికను జదువరు.

ఒక యాక్షేపము రాగలదు. పల్లెనుండి తెలుగుబడిలో జదివి వచ్చిన పేదబిడ్డకు స్వబుద్ధి, సహాధ్యాయము అని ధర్మములు చెప్పుట సులభము. వానికి శిక్షణాలయము తప్ప దిక్కెవరు? నిజమే. గురుపాదము అందఱికన్న వానికే యెక్కువ కావలెను. కనుకనే దానిని వానికి నిండుగ దూచి యీయవలెనని మేము తగవులాడుచున్నాము. ధనికుని కొడుకు మోసపోయినచో మఱియొక శిక్షణ కొనును. రెండెకరముల చెలకవాని కొడుకునకు రెండవ చెలక లేదు. ఆ బిడ్డకు మూడు ప్రశ్నలు నేర్పి పంపుట, తప్పుల పుస్తకము కుట్టించుట, మనవంటి పంతుళ్లు సెలవుదినమున నొక గంట కూర్చుండి వ్యాసము దిద్దుట. ఇవి చేయక శిక్షణాలయములను దిట్టుచు గూర్చుండుట మాత్రము మాకు సమ్మతము గాదు.

మా కుఱ్ఱడా వారమున బరీక్ష వ్రాయలేదు. కొంత రుసుము పోవునని తెలిసియు దినము మార్చుకొనెను. తండ్రికి జెప్పుటకు భయపడగా మేము వెంటబోయి చెప్పితిమి. ఆ రైతు చాలసే పూరకుండి, "సార్, అన్ని పైసలు కట్టినం గద, ఇంక వాడు చేసేదేమున్నది?" అని యడిగెను. ఆయన యడిగినది మాయకత్వముచే; పట్టణమున మనమదే ప్రశ్నను దెలిసి యడుగుచున్నాము. వాని కావేళ మేమిచ్చిన సమాధానమునే చదువరులకును మనవిచేయుచున్నాము. పైసలు కట్టిన దినమున వాని పని మొదలైనది. నేటి రాత్రి మీ యింట నిట్టి బిడ్డ యున్నచో, క్లాసున కేగితివా యని యడుగకుడు. తప్పుల పుస్తకము తెమ్మనుడు. అందు నిన్నటి దినమున నేమి వ్రాసియున్నదో చూడుడు.